ఎన్‌క్రిప్ట్ చేసిన హార్డ్ డిస్కులో మనం పెట్టని పార్టిషన్ ఎక్కడిది?

అమ్మా, మీరు అడిగినదాన్ని మిగిలినవారికీ అర్థమయ్యేలా ముందుగా క్లుప్తంగా చెబుతాను. సోంపేట కేంద్రంగా ఉద్దానం గ్రామాల్లో మూత్రపిండాల వ్యాధి మీద మీ బృందం సేకరించిన సర్వే వివరాలు 2 టెరాబైట్ల ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో ఉన్నాయి. విశాఖపట్నంలో గణాంకాలు చూసే మీ సహోద్యోగి ఆ డిస్కును తన మ్యాక్‌బుక్‌లో, మ్యాక్, విండోస్ రెండూ చదవగల ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసి ఇచ్చారు. కొంతకాలం దానిలో ఫైళ్లు మామూలుగానే పెట్టుకున్నారు. తరువాత వాటిని ల్యాప్‌టాప్‌లోకి తీసి, డిస్కులోని పెద్ద పార్టిషన్‌ను (డిస్కును విడగొట్టిన ఒక్కో భాగాన్ని పార్టిషన్ అంటారు) విండోస్‌లో వెరాక్రిప్ట్ అనే ప్రోగ్రాముతో ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే పాస్‌వర్డ్ లేనిదే చదవలేని రూపంలోకి మార్చి, మళ్లీ ఎక్కించారు. ఈమధ్య యూఎస్‌బీ సాకెట్ వదులైతే శ్రీకాకుళంలో ఒక దుకాణంలో ఇచ్చి బాగు చేయించారు. తిరిగి తెచ్చుకుని, డిస్కులోని భాగాలను చూపే విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే మీరు ఎన్నడూ పెట్టని 200 ఎంబీ పార్టిషన్ ఒకటి, దాని పక్కన ‘రా’ (ఫైళ్ల అమరిక గుర్తించలేనిది) అని రాసి ఉన్న పెద్ద భాగం, దాన్ని ఫార్మాట్ చేయమని అడిగే చిన్న పెట్టె, వీటికి తోడు మీరు పెట్టని ఒక సీడీ డ్రైవు కనిపించాయి. వెరాక్రిప్ట్ పాస్‌వర్డ్ ఇస్తే మాత్రం ఫైళ్లన్నీ తెరుచుకుంటున్నాయి. దుకాణంలో ఎవరైనా ఏదైనా పెట్టారా, ఆ 200 ఎంబీని తొలగించవచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

మీరు చెప్పిన వివరాలను బట్టి ఆ 200 ఎంబీ పార్టిషన్ దుకాణంలో పుట్టినది కాదు, మ్యాక్‌బుక్‌లో ఫార్మాట్ చేసిన రోజునే పుట్టినది. దాన్ని తొలగించవద్దు. సీడీ డ్రైవు అసలు పార్టిషనే కాదు. మీ డిస్కుకు నిజంగా ప్రమాదం తెచ్చేవి మీరు భయపడిన చోట లేవు. ఒకటి ఆ ‘ఫార్మాట్ చేయమంటారా’ అనే పెట్టె. రెండోది ఎన్‌క్రిప్ట్ చేసేటప్పుడు ‘క్విక్ ఫార్మాట్’ అనే గడిలో మీరు టిక్కు పెట్టారా లేదా అన్నది. ఎవరి ఇంట్లో ఎవరికి క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె) ఎంత ఉందో ఊళ్లో తెలిస్తే ఆ ఇంటి ఆడపిల్లల పెళ్లి సంబంధాల వరకూ దాని నీడ పడుతుంది కాబట్టి, మీ విషయంలో ఈ రెండింటినీ తేలికగా దాటవేయలేను. కారణాలతో సహా చెబుతాను.

అనేకమంది ‘డిస్కును ఎన్‌క్రిప్ట్ చేశాను’ అంటే డిస్కులోని ప్రతి బైటూ దాగిపోయిందని అనుకుంటారు. మీరు చేసినట్టు ఒక పార్టిషన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసినప్పుడు ఆ పార్టిషన్ లోపలి భాగం మాత్రమే దాగుతుంది. పార్టిషన్లు ఎన్ని, ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, దాని రకం ఏమిటి అని చెప్పే పట్టిక బయటే, ఎవరైనా చదవగలిగేలా ఉంటుంది. రెవెన్యూ కార్యాలయంలోని ఎఫ్‌ఎంబీ పటం పొలాల గట్లను చూపుతుందే గానీ ఏ పొలంలో ఏం పండిందో చెప్పదు కదా, ఇదీ అంతే. నేటి డిస్కుల్లో ఈ పట్టిక సాధారణంగా జీపీటీ పద్ధతిలో ఉంటుంది. డిస్కు మొట్టమొదటి సెక్టారులో (డిస్కులోని చిన్న గడిని సెక్టారు అంటారు) పాత పరికరాల కోసం ఒక రక్షణ ఎంబీఆర్, అంటే పాత తరహా పట్టిక, దాని తరువాతి సెక్టారులో జీపీటీ శీర్షిక, ఆ వెనుక 128 పార్టిషన్ల వరకు నమోదు చేయగల వరుసలు ఉంటాయి. ఇదే పట్టికకు నకలు డిస్కు చిట్టచివర మరొకటి ఉంటుంది. ఏ ఆపరేటింగ్ సిస్టం ఫార్మాట్ చేస్తే అది తన అలవాటు ప్రకారం ఈ పట్టికలో ఒకటో రెండో చిన్న పార్టిషన్లను తానుగా చేర్చి, యజమానికి ఒక్క మాట కూడా చెప్పదు. మనకు తెలియని పార్టిషన్లలో అత్యధికం ఇలా వచ్చినవే.

మ్యాక్‌లోని డిస్క్ యుటిలిటీ ఒక డిస్కును జీయూఐడీ పార్టిషన్ మ్యాప్‌తో (జీపీటీకి మ్యాక్‌లో ఉన్న పేరు) ఫార్మాట్ చేసినప్పుడు, మీరు ఎక్స్‌ఫ్యాట్ కోరినా మరొకటి కోరినా, మొదట 200 ఎంబీ ఈఎఫ్‌ఐ సిస్టం పార్టిషన్‌ను ఏర్పాటు చేస్తుంది. కంప్యూటరు ఆ డిస్కు నుంచి బూట్ కావలసి (మొదలు కావలసి) వస్తే అవసరమైన ఫైళ్లకు అది చోటు. డేటా దాచుకునే డిస్కులో సాధారణంగా ఖాళీగానే పడి ఉంటుంది. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దానిమీద కుడి క్లిక్ చేస్తే ‘హెల్ప్’ తప్ప మరే ఎంపికా పనిచేయదు. ‘నా డిస్కులోదాన్ని నన్నే ముట్టుకోనివ్వడం లేదు’ అన్న అనుమానం చాలామందికి అక్కడే మొదలవుతుంది. అది విండోస్ తీసుకునే జాగ్రత్త మాత్రమే, ఎవరో వేసిన ఎత్తు కాదు.

నా మాట మీద నమ్మకంతో ఊరుకోనక్కరలేదు, మీరే రుజువు చూసుకోవచ్చు. విండోస్‌లో ఆజ్ఞలు టైపు చేసే పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటరుగా తెరిచి ‘గెట్-పార్టిషన్’ (Get-Partition) అనే ఆజ్ఞ ఇవ్వండి. అది చదివి చూపుతుందే గానీ దేనినీ మార్చదు. డిస్క్‌పార్ట్ అనే పరికరం కూడా ఇదే చూపుతుంది. కానీ అందులో పొరపాటున ‘క్లీన్’ అని కొడితే ఎంచుకున్న డిస్కు పార్టిషన్ పట్టిక మొత్తం పోతుంది కాబట్టి అలవాటు లేనివారు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది. గెట్-పార్టిషన్ ఇచ్చే వరుసల్లో ‘ఆఫ్‌సెట్’ అనే నిలువు వరుసను చూడండి; పార్టిషన్ డిస్కులో ఎన్నో బైటు దగ్గర మొదలైందో అది చెబుతుంది. మ్యాక్ తన ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను 40వ సెక్టారు దగ్గర మొదలుపెడుతుంది. సెక్టారుకు 512 బైట్ల చొప్పున అది 20480. లినక్స్‌లో సాధారణంగా చేసే మొదటి పార్టిషన్ 2048వ సెక్టారు దగ్గర, అంటే 1048576 అనే ఆఫ్‌సెట్ దగ్గర మొదలవుతుంది. మీ 200 ఎంబీ వరుసలో 20480 కనిపిస్తే అది మ్యాక్ చేసిన పనే అనడానికి అంతకంటే మంచి గుర్తు లేదు. మీ సహోద్యోగి మ్యాక్‌లో ఇదే పార్టిషన్ 209.7 ఎంబీ అని కనిపిస్తుంది, దానికి కంగారు పడవద్దు. మ్యాక్ పది లక్షల బైట్లను ఒక ఎంబీగా లెక్కిస్తుంది, విండోస్ 1048576 బైట్లను ఒక ఎంబీగా లెక్కిస్తుంది. మీ 2 టీబీ డిస్కు విండోస్‌లో 1863 జీబీ దగ్గర ఆగిపోవడానికీ ఇదే కారణం. మిగిలినది ఎవరూ దొంగిలించలేదు.

మ్యాక్ పుట్టించిన పార్టిషనే అయినా తరువాత ఎవరూ దానిలో ఏమీ పెట్టలేదని అంతమాత్రాన చెప్పలేం. అది ఎన్‌క్రిప్ట్ కాని, ఫ్యాట్32 అనే మామూలు ఫైళ్ల అమరిక ఉన్న పార్టిషన్ కాబట్టి అడ్మినిస్ట్రేటరు హక్కులున్న ఏ కంప్యూటరులోనైనా తెరిచి రాయవచ్చు. అందుచేత ఒకసారి లోపల చూడటం సబబు. లైవ్ యూఎస్‌బీ (ఇన్‌స్టాల్ చేయకుండానే సిస్టం నడపగల పెన్‌డ్రైవు) నుంచి లినక్స్ నడిపి, ఆ పార్టిషన్‌ను చదవడానికి మాత్రమే అనే పద్ధతిలో మౌంట్ చేయండి, అంటే తెరవండి. లోపల ఏమీ లేకపోయినా, ‘ఈఎఫ్‌ఐ’ అనే ఫోల్డరులో ‘యాపిల్’ అనే మరో ఫోల్డరు ఉన్నా అది మామూలే. షార్ట్‌కట్ ఫైళ్లు, ఆటోరన్ ఫైలు, మీకు తెలియని ప్రోగ్రాములు, డిస్కు దుకాణంలో ఉన్న తేదీలతో ఉన్న ఫైళ్లు కనిపిస్తే అప్పుడు అనుమానించాలి. అలాంటివి ఉన్నా, మీ కంప్యూటరు ఆ డిస్కు నుంచి బూట్ అయితే తప్ప ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోని ప్రోగ్రాము తనంతట తాను నడవదు. బయోస్ (కంప్యూటరు మొదలయ్యేటప్పుడు నడిచే ప్రోగ్రాము) అమరికల్లో యూఎస్‌బీ నుంచి బూట్ కావడాన్ని ఆపివేసి పెట్టుకుంటే ఆ దారి కూడా మూసుకుంటుంది. జిరాక్సు షాపుల్లో, ఇంటర్నెట్ సెంటర్లలో పెన్‌డ్రైవుల ద్వారా షార్ట్‌కట్ వైరసులు అంటుకోవడం మన ఊళ్లలో అందరికీ అనుభవమే. అవి సాధారణంగా కనిపించే మామూలు పార్టిషన్ మీదనే కూర్చుంటాయి, ఇలా డ్రైవ్ అక్షరం (సీ, డీ వంటిది) కూడా లేని ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను వెతుక్కుంటూ వెళ్లవు.

ఇప్పుడు ఆ ‘రా’ భాగం సంగతి. వెరాక్రిప్ట్ తాను ఎన్‌క్రిప్ట్ చేసిన చోట ‘ఇది నాది’ అని ఏ గుర్తూ వదలదు. విండోస్‌లోని ఎన్‌క్రిప్షన్ అయిన బిట్‌లాకర్ పార్టిషన్ మొదట్లో ‘ఎఫ్‌వీఈ’ అనే అక్షరాలు, లినక్స్‌లోని ఎన్‌క్రిప్షన్ అయిన లక్స్ పార్టిషన్ మొదట్లో ‘లక్స్’ అనే అక్షరాలు ఉంటాయి గానీ, వెరాక్రిప్ట్‌లో మొదటి బైటు నుంచి చివరి బైటు వరకు అర్థంలేని యాదృచ్ఛిక అంకెల్లాగే ఉంటుంది. పార్టిషన్ పట్టికలో మాత్రం ఆ చోటు మామూలు డేటా పార్టిషన్ అనే రాసి ఉంటుంది. కాబట్టి విండోస్ దానికి యథాప్రకారం ఒక డ్రైవ్ అక్షరం ఇచ్చి, లోపల ఫైల్ సిస్టం (ఫైళ్ల అమరిక) దొరక్క, వాడుకోవాలంటే ఫార్మాట్ చేయాలని అడుగుతుంది. మీరు వెరాక్రిప్ట్‌లో పాస్‌వర్డ్ ఇచ్చినప్పుడు తెరుచుకునేది వేరే అక్షరంతో ఉన్న మరో డ్రైవు. ఒకే పార్టిషన్ రెండు అక్షరాలతో కనబడటానికి కారణం ఇదే. మీ డిస్కులో రెండు పెద్ద పార్టిషన్లు లేవు. ఆ పెట్టెలో ప్రతిసారీ ‘క్యాన్సిల్’ నొక్కుతూ కూర్చోవడం కంటే, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ రా పార్టిషన్ మీద కుడి క్లిక్ చేసి ‘ఛేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్’లోకి వెళ్లి దాని అక్షరాన్ని తీసివేయండి. అక్షరం పోయినంత మాత్రాన డేటాకు ఏమీ కాదు, వెరాక్రిప్ట్‌లో ‘సెలెక్ట్ డివైస్’ ద్వారా ఎప్పటిలాగే తెరుచుకుంటుంది. మీ బృందంలో ఆ డిస్కును వాడే ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ ఈ పని విడివిడిగా చేయాలి. ఫీల్డులో రోజంతా తిరిగి వచ్చి అలసటతో ఉన్న మనిషి చేయి ‘ఫార్మాట్’ మీద పడటానికి ఒక్క క్షణం చాలు కాబట్టి దీన్ని రేపటికి వాయిదా వేయవద్దు.

ఎవరైనా ఇప్పటికే నొక్కి ఉంటే ఆశ వదులుకోనక్కరలేదని కూడా చెప్పాలి. వెరాక్రిప్ట్ పార్టిషన్ మొదట్లో ఉండే శీర్షికలో అసలు తాళంచెవి పాస్‌వర్డుతో మూసి భద్రపరచి ఉంటుంది. దాని నకలు పార్టిషన్ చివరి 128 కేబీలో ఉంటుంది. విండోస్ చేసే త్వరిత ఫార్మాట్ మొదటి శీర్షికను చెరిపేసినా చివరి నకలు మిగలడానికి అవకాశం బాగానే ఉంది. అప్పుడు ఆ డిస్కులో మరేమీ రాయకుండా, వెరాక్రిప్ట్ మౌంట్ ఆప్షన్లలో అంతర్గత బ్యాకప్ శీర్షికను వాడమనే ఎంపికతో తెరవాలి. ఫైల్ సిస్టం కొంత దెబ్బతిని ఉండవచ్చు. అలా తెరుచుకున్న డ్రైవు మీద డేటా రికవరీ పరికరం నడిపి, దొరికిన ఫైళ్లను వేరే డిస్కులోకి తీసుకోవాలి. శీర్షికకు మరో నకలును ‘టూల్స్’ మెనూలోని బ్యాకప్ ఎంపికతో ముందే వేరేచోట భద్రపరచుకున్నవారికి ఈ బాధ సగం తగ్గుతుంది.

పార్టిషన్‌ను కాకుండా డిస్కు మొత్తాన్ని, పార్టిషన్ పట్టికే లేకుండా, వెరాక్రిప్ట్‌తో ఎన్‌క్రిప్ట్ చేసేవారూ ఉన్నారు. దానిలో తెలియని పార్టిషన్లకు తావే ఉండదు, చూడటానికి శుభ్రంగా ఉంటుంది. అయినా నేను దాన్ని సిఫారసు చేయను. అలాంటి డిస్కు విండోస్ కంటికి కొత్త డిస్కులా కనబడి ‘ఇనీషియలైజ్’ చేయమని అడుగుతుంది, మ్యాక్ కూడా చదవలేని డిస్కు అని చెప్పి అదే అడుగుతుంది. ఎవరైనా ఒప్పుకుంటే కొత్త పార్టిషన్ పట్టిక సరిగ్గా వెరాక్రిప్ట్ శీర్షిక ఉన్న చోటే రాయబడుతుంది. పదిమంది చేతులు మారే డిస్కుకు పార్టిషన్ పట్టిక ఉండటమే మేలు, మీరు పార్టిషన్‌ను మాత్రమే ఎన్‌క్రిప్ట్ చేయడం మంచి నిర్ణయం.

సీడీ డ్రైవు విషయానికి వస్తే, కొన్ని కంపెనీల ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో ఎన్‌క్రిప్షన్ చిప్పు డిస్కు పెట్టెలోనే ఉంటుంది. వెస్టర్న్ డిజిటల్ మై పాస్‌పోర్ట్ మోడళ్లలో చాలావాటికి పాస్‌వర్డ్ పెట్టుకుంటే, డిస్కును తగిలించగానే ముందు ‘అన్‌లాకర్’ అనే ప్రోగ్రాము ఉన్న ఒక కృత్రిమ సీడీ డ్రైవు కనబడి, పాస్‌వర్డ్ ఇచ్చాకే అసలు డిస్కు బయటపడుతుంది. ఆ సీడీని డిస్కులోని యూఎస్‌బీ బోర్డే కల్పించి చూపుతుంది. పార్టిషన్ పట్టికలో అది ఉండదు, దానిలో మనం ఏమీ రాయలేం. మీది ఏ కంపెనీదో మీరు రాయలేదు గానీ, సీడీ డ్రైవు లోపల అలాంటి అన్‌లాక్ ప్రోగ్రాము కనిపిస్తే అది కర్మాగారం నుంచి వచ్చినదే. ఇంతకాలం దాన్ని మీరు గమనించి ఉండకపోవచ్చు.

ఈ సందర్భంలో మీ మరమ్మతు గురించి ఒక ముఖ్యమైన మాట ఉంది. అటువంటి మోడళ్లలో మీరు పాస్‌వర్డ్ పెట్టినా పెట్టకపోయినా ఆ చిప్పు ప్రతి సెక్టారునూ ఎన్‌క్రిప్ట్ చేసే రాస్తుంది. కాబట్టి లోపలి డిస్కును విప్పి మరో పెట్టెలో పెట్టినా, చిప్పు ఉన్న బోర్డును వేరే బోర్డుతో మార్చినా, డిస్కంతా చెత్త అంకెలుగా కనిపించే ప్రమాదం ఉంది. మరమ్మతు తరువాత మీ పార్టిషన్ పట్టిక సరిగ్గా చదవబడుతోంది, వెరాక్రిప్ట్ కూడా తెరుచుకుంటోంది. దీన్నిబట్టి వారు సాకెట్‌ను మాత్రమే అతికారని, మార్చకూడనిదేదీ మార్చలేదని అనుకోవచ్చు. ఇకముందు సాకెట్ ఊడితే, బోర్డు మార్చకుండా సాకెట్ మాత్రమే అతకమని దుకాణంలో ముందే స్పష్టంగా చెప్పండి.

డిస్కు పెట్టెలోని ఎన్‌క్రిప్షన్ ఉంది కదా, వెరాక్రిప్ట్ ఎందుకు అని మీ సహోద్యోగి అన్నట్టు రాశారు. నేను ఆయనతో ఏకీభవించను. 2015లో వెలువడిన ఒక పరిశోధన పత్రం మై పాస్‌పోర్ట్ శ్రేణిలోని అనేక మోడళ్ల ఎన్‌క్రిప్షన్‌ను పాస్‌వర్డ్ లేకుండానే దాటగల లోపాలను చూపింది. 2018లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తమంతట తాము ఎన్‌క్రిప్ట్ చేసుకునే కొన్ని ప్రసిద్ధ ఎస్‌ఎస్‌డీల్లోనూ (తిరిగే పళ్లెం లేని, చిప్పుల డిస్కులు) అటువంటి లోపాలే కనుగొన్నారు. ఆ తరువాత 2019 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ తన బిట్‌లాకర్‌ను డ్రైవు చేసే ఎన్‌క్రిప్షన్ మీద ఆధారపడకుండా సాఫ్ట్‌వేర్‌తోనే ఎన్‌క్రిప్ట్ చేసేలా మార్చింది. పెట్టెలోని ఎన్‌క్రిప్షన్ ఉంటే ఉండనివ్వండి, రోగుల వివరాలకు మాత్రం దాని పైన వెరాక్రిప్ట్ పొర ఉండవలసిందే.

దుకాణం మీద మీ అనుమానాన్ని నేను తోసిపుచ్చడం లేదు. అది పడవలసిన చోట పడాలని మాత్రమే అంటున్నాను. డిస్కు తమ దగ్గర ఉన్నప్పుడు ఎవరైనా ఏదైనా చేయదలిస్తే, వారికి ఉపయోగపడేది చిన్న పార్టిషన్ చేర్చడం కాదు. డిస్కును సెక్టారు సెక్టారుగా నకలు తీసుకుని పెట్టుకోవడం. దానికి ఏ ఆనవాలూ మిగలదు. అలా నకలు తీసినా పాస్‌వర్డ్ బలంగా ఉన్నంతవరకు వారికి దొరికేది పనికిరాని అంకెలే; వెరాక్రిప్ట్ మామూలు అమరికలో ప్రతి పాస్‌వర్డ్ ప్రయత్నానికీ అయిదు లక్షల ఆవృతుల గణన చేయవలసి వస్తుంది కాబట్టి, ఇరవై అక్షరాలకు మించిన, ఊహకందని పాస్‌వర్డును వరుసగా ప్రయత్నించి పట్టుకోవడం ఆచరణలో సాధ్యం కాదు. మీ పాస్‌వర్డ్ ఊరి పేరు, పుట్టిన సంవత్సరం కలిపినది అయితే మాత్రం ఈ హామీ చెల్లదు. ఇప్పుడు పాస్‌వర్డ్ మార్చుకుంటే సరిపోతుందా అంటే, సరిపోదు. పాస్‌వర్డ్ మార్చినప్పుడు శీర్షిక మాత్రమే కొత్తగా రాయబడుతుంది, లోపలి అసలు తాళంచెవి మారదు. పాత శీర్షిక ఉన్న నకలు ఎవరి దగ్గరైనా ఉంటే పాత పాస్‌వర్డే దాన్ని తెరుస్తుంది. నిజంగా అనుమానం ఉన్నవారు కొత్త వాల్యూమ్‌ను (వెరాక్రిప్ట్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన నిల్వను) మొదటి నుంచి సృష్టించి, ఫైళ్లను దానిలోకి మార్చాలి.

అంతకంటే ఎక్కువగా నన్ను కలవరపెట్టేది మీరు ఫైళ్లను ముందు ఎన్‌క్రిప్షన్ లేకుండా అదే డిస్కులో పెట్టుకోవడం. వాల్యూమ్ సృష్టించేటప్పుడు క్విక్ ఫార్మాట్ ఎంచుకోకపోతే వెరాక్రిప్ట్ పార్టిషన్ మొత్తాన్ని యాదృచ్ఛిక డేటాతో నింపుతుంది, పాతవన్నీ చెరిగిపోతాయి. ఎంచుకుంటే ఖాళీ స్థలాన్ని ముట్టుకోదు. కొత్త ఫైళ్లు ఇంకా పడని చోట్ల పాత ఎక్సెల్ పత్రాలు, స్కాన్ చేసిన ల్యాబ్ రిపోర్టులు ఎన్‌క్రిప్షన్ లేకుండా అలాగే ఉండిపోతాయి. దుకాణంలో కాదు, ఎక్కడైనా సరే, ఉచితంగా దొరికే రికవరీ పరికరంతో వాటిని బయటికి తీయవచ్చు. ఏ గడిలో టిక్కు పెట్టారో గుర్తులేదని అన్నారు గనుక పరీక్షించి చూడండి: వాల్యూమ్‌ను తెరవకుండా, ఫొటోరెక్ అనే, పోయిన ఫైళ్లను వెలికితీసే పరికరాన్ని ఆ రా పార్టిషన్ మీద నడిపి, దొరికినవాటిని వేరే డిస్కులో భద్రపరచమని చెప్పండి. అది పార్టిషన్‌ను చదువుతుందే గానీ రాయదు. యాదృచ్ఛిక డేటాలో కూడా అది అప్పుడప్పుడు ఫైలు అని పొరబడి తెరుచుకోని ముక్కలను పట్టుకొస్తుంది, వాటిని లెక్కచేయవద్దు. నిజంగా తెరుచుకునే పత్రం ఒక్కటి దొరికినా మీ డిస్కులో పాత వివరాలు బయటే ఉన్నాయని అర్థం. బిట్‌లాకర్ వాడేవారికి ‘వాడిన స్థలాన్ని మాత్రమే’ ఎన్‌క్రిప్ట్ చేసే ఎంపికతో ఇదే చిక్కు వస్తుంది; అప్పటికే వాడుకలో ఉన్న డిస్కుకు మొత్తం డ్రైవును ఎన్‌క్రిప్ట్ చేసే ఎంపికే తీసుకోవాలి.

ఇలాంటి ప్రశ్నతోనే వచ్చే మరికొందరి కోసం ఇతర చిన్న పార్టిషన్ల సంగతి త్వరగా చెబుతాను. 16 ఎంబీ లేదా పాత విండోస్‌లో 128 ఎంబీ పరిమాణంతో, 17408 ఆఫ్‌సెట్ దగ్గర మొదలయ్యేది మైక్రోసాఫ్ట్ రిజర్వ్‌డ్ పార్టిషన్. డిస్క్ మేనేజ్‌మెంట్ దాన్ని చూపదు, దానిలో ఫైల్ సిస్టమే ఉండదు. ఆండ్రాయిడ్ ఫోనులోగానీ టీవీలోగానీ డిస్కును అంతర్గత నిల్వగా వాడమని ఎప్పుడైనా ఒప్పుకుని ఉంటే ‘ఆండ్రాయిడ్ మెటా’ అనే 16 ఎంబీ పార్టిషన్, దాని పక్కన ఎన్‌క్రిప్ట్ చేసిన పెద్ద పార్టిషన్ కనిపిస్తాయి. వాటి తాళంచెవి ఆ పరికరంలోనే ఉంటుంది, పరికరాన్ని రీసెట్ చేస్తే ఆ డేటా తిరిగి రాదు. పాత మ్యాక్‌లో ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కులో 134.2 ఎంబీ ‘బూట్ ఓఎస్ ఎక్స్’ ఉండటం సహజం. ఏపీఎఫ్‌ఎస్ (మ్యాక్ ఫైల్ సిస్టం) డిస్కుకు మ్యాక్ రెండు డిస్కు సంఖ్యలు చూపడం, లినక్స్‌లో లక్స్ పార్టిషన్ కింద మరో పేరు వేలాడటం, ఇవి కొత్త పార్టిషన్లు కావు, తెరుచుకున్న వాల్యూమ్‌కు ఆ సిస్టం ఇచ్చే పేర్లు. పాత ల్యాప్‌టాప్ డిస్కును విప్పి యూఎస్‌బీ పెట్టెలో పెట్టుకున్నవారికి ఈఎఫ్‌ఐ, రిజర్వ్‌డ్, రికవరీ అన్నీ వరుసగా కనిపిస్తాయి, అవి ఆ పాత విండోస్‌వి.

ఆ 200 ఎంబీని తొలగిస్తే ఏమవుతుందని మీరు అడిగారు. సరిగ్గా తొలగిస్తే మీ ఎన్‌క్రిప్ట్ చేసిన పార్టిషన్‌కు ఏమీ కాదు. కానీ తొలగించడానికి వాడే పరికరాలన్నీ పార్టిషన్ పట్టికను తిరిగి రాసేవే. ఒక వరుస తప్పుగా ఎంచుకుంటే పోయేది ఉద్దానం ప్రజల వివరాలు, దక్కేది డిస్కులో పదివేలవ వంతు చోటు. పార్టిషన్ల ఆఫ్‌సెట్లను, పరిమాణాలను మాత్రం ఒక కాగితం మీద రాసుకుని భద్రపరచండి. ఏనాడైనా పట్టిక చెడిపోతే ఆ రెండు అంకెలతో పార్టిషన్‌ను మళ్లీ అదే చోట నిలబెట్టవచ్చు. తరువాత ఎప్పుడైనా నిజంగా కొత్త పార్టిషన్ చేరితే, పాత అంకెలతో పోల్చగానే తెలిసిపోతుంది కూడా.

మీ స్థానంలో నేనైతే ఈ పనిని ఇలా ముగిస్తాను. మరో 2 టీబీ డిస్కు కొని, దానిలో వెరాక్రిప్ట్ పార్టిషన్‌ను క్విక్ ఫార్మాట్ లేకుండా, కొత్త పాస్‌వర్డుతో సృష్టిస్తాను. సెకనుకు 100 ఎంబీ రాయగల డిస్కుకు అది అయిదున్నర గంటలకు పైగా పడుతుంది కాబట్టి, కరెంటు పోయినా ఆగకుండా ఉండేలా యూపీఎస్ ఉన్న చోటనో, నిండుగా ఛార్జి ఉన్న ల్యాప్‌టాప్‌తోనో మొదలుపెట్టాలి. పాత డిస్కులోని ఫైళ్లను దానిలోకి తీసుకుని, తెరిచి సరిచూసుకున్నాక, పాత డిస్కులోని పెద్ద పార్టిషన్‌ను కూడా అదే విధంగా పూర్తిగా నింపుతూ తిరిగి సృష్టించి, రెండో ప్రతిగా వాడుకోవాలి. ఈ రెండు ప్రతులు ఒకే ఊళ్లో ఉండకూడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో ఇళ్ల కప్పులు లేచిపోయి, రోజుల తరబడి కరెంటు లేకపోవడం మీ బృందంలోని వారందరికీ తెలిసినదే. ఒక డిస్కు సోంపేటలో ఉంటే రెండోది శ్రీకాకుళంలోనో విశాఖపట్నంలోనో ఉండాలి. వెరాక్రిప్ట్ శీర్షికల నకళ్లు, పార్టిషన్ అంకెలు రాసిన కాగితం డిస్కులతో పాటు కాకుండా విడిగా ఉండాలి. డిస్కును తీసేముందు ప్రతిసారీ వెరాక్రిప్ట్‌లో డిస్‌మౌంట్ చేసి, ఆ తరువాతే విండోస్‌లో ‘సేఫ్లీ రిమూవ్’ చేయాలని బృందానికి చెప్పండి. గెట్-పార్టిషన్ చూపిన వరుసలు, ఫొటోరెక్‌లో తెరుచుకునే పత్రాలేవైనా దొరికాయా అన్న సంగతి నాకు రాసి పంపండి. ఆఫ్‌సెట్ దగ్గర 20480 కాక మరో అంకె ఉంటే డిస్కును కదిలించకుండా ముందు నాకు చెప్పండి. అప్పుడు దుకాణం విషయాన్ని వేరే కోణంలో చూడవలసి ఉంటుంది.